గవ్వల మెరక నడక పాఠాలు

జ్యేష్ఠ శుద్ధ చవితి

నిన్న రోగుల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే మంచం ఉయ్యాల మళ్ళీ రాలేదు. గాలి ఎక్కువగా ఉందట. ఆ గాలిలోనే మామూలు ఉయ్యాలలు తీగ మీద చక్కగా తిరిగాయి. చేపల పెట్టెలు పట్నం వెళ్ళాయి, పట్నం నుంచి ఐసు దిమ్మలు వచ్చాయి. గాలి అడ్డొచ్చింది మా వదినకి ఒక్కదానికే.

కనకవల్లి వదిన నిన్నంతా స్టేషన్ బెంచీ మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడకి డయాలసిస్ వారానికోసారి. కొత్త మిషన్లొచ్చాక అంతే చాలంటున్నారు గానీ, ఆ ఒక్కసారి కాస్త ఆలస్యమైతే మొహం ఉబ్బిపోతుంది, పడుకుంటే ఊపిరాడదు. ఇవాళ పొద్దున్న కళ్ళు తెరవలేకపోయింది. మధ్యాహ్నానికి తీరిగ్గా వచ్చింది ఆ ఉయ్యాల. పోనీ వచ్చింది కదా అని నవ్వుతూ ఎక్కింది వదిన. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

మాకూ పట్నానికీ మధ్య ఉన్నదంతా బురదే. పడవకి నీళ్ళు చాలవు, కాలు పెడితే నడుం దాకా దిగుతుంది. పైన తీగ మీద పోయే ఉయ్యాల తప్ప మరో దారి లేదు. మామూలు ఉయ్యాల పూర్తిగా ఆగదు, గుమ్మం దగ్గర నెమ్మదిస్తుందంతే. ఒకప్పుడెవరో పెద్దాయన ఎక్కబోతూ జారి బురదలో పడ్డాడు. అప్పట్నుంచి అరవై అయిదు దాటినవాళ్ళందరికీ స్టేషన్లో నడక పలక పెట్టారు. నల్లటి పట్టా అది. ఎక్కేముందు దాని మీద నడవాలి. పాదం ఎలా పడుతోందో చూసి పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగిస్తుంది. పచ్చయితే తలుపు తెరుచుకుంటుంది. ఎరుపైతే మూడు నెలలపాటు మామూలు ఉయ్యాల ముట్టుకోవడానికి లేదు. బజారు లేదు, బంధువులు లేరు. ఆసుపత్రికి మాత్రం మంచం ఉయ్యాల వస్తుంది, అది వచ్చినప్పుడు.

మా మెరకలో దాన్ని పలకమ్మ అంటారు. పలకమ్మ కరుణించిందా, పలకమ్మ కోప్పడిందా అని అడుగుతారు. వదిన మీద ఫాల్గుణంలో కోప్పడింది. ఇంకో పది పదిహేను రోజుల్లో గడువు తీరుతుంది, మళ్ళీ నడవొచ్చు.

ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత డ్రిల్లు చేయించినదాన్ని, అరవై అయిదు దాటినా నాకెప్పుడూ పచ్చే. ఒక్క వదినని నడిపించలేనా?

జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి

నడిపించలేకపోతున్నాను.

చేపలెండేసే డాబా మీద రోజూ పొద్దున్నే సాధన. తలెత్తు, మడమ ముందు పెట్టు, చూపు ఎదురుగా ఉంచు అని అరుస్తున్నాను. వదినకి అరికాళ్ళలో స్పర్శ సగం పోయింది. ఎడమ పాదం పడుతుందో లేదో చూసుకోడానికి తల దించుతుంది. తల దించితే ఒళ్ళు తూలుతుంది. తూలితే పలకమ్మ ఊరుకోదు.

"నీ దగ్గర చదువుకున్న పిల్లలు పాపం ఎలా బతికారే ప్రసూనా?" అంది ఇవాళ ఆయాసపడుతూ.

"పతకాలు తెచ్చుకుని బతికారు. నడు."

"నడవను. మంచినీళ్ళ వేళైంది, పద," అంటూ నవ్వుతూ పక్కనున్న ఖాళీ బిందె చంకనెత్తుకుని మెట్ల వైపు వెళ్ళింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. నిటారుగా వెళ్ళింది! తల దించలేదు. నడుం ఓ పక్కకి ఒరిగి, రెండో చెయ్యి బారుగా ఊగి, పాదాలు వాటంతటవే పడ్డాయి.

నీళ్ళు ఊళ్ళని ముంచెయ్యక ముందు, పదేళ్ళ పిల్లగా ఉన్నప్పట్నుంచి వీధి కొళాయి దగ్గర బిందెలు మోసిన మనిషి. కాళ్ళు మరిచిపోయినా నడుం మరిచిపోలేదు. బిందె తీసుకుని, "ఇప్పుడు ఇది చంకలో ఉందనుకుని నడు," అన్నాను. రెండడుగులు వేసి తూలింది. మళ్ళీ బిందె ఇచ్చాను, మళ్ళీ తీసుకున్నాను. సాయంత్రానికి లేని బిందెతో డాబా ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది.

జ్యేష్ఠ బహుళ చవితి

పచ్చ! పలకమ్మ కరుణించింది!

వదిన చంకలో గాలిని బిగించి పట్టుకుని పలక మీద నడిచింది. దీపం వెలిగింది, తలుపు తెరుచుకుంది, ఇద్దరం ఎక్కేశాం. బెంచీ లేదు, ఎదురుచూపు లేదు. డయాలసిస్ చేయించుకుని, తిరిగొచ్చేటప్పుడు బజారులో గాజులు కూడా కొనుక్కుంది. ఈ వయసులో గాజుల పిచ్చేమిటని నేను వేళాకోళం చేస్తే, చెయ్యి చాపి ఉయ్యాలలో అందరికీ చూపించింది.

నాకెంత గర్వంగా ఉందో రాయకుండా ఉండలేను. నా పిల్లలు జిల్లా పతకాలు తెచ్చినప్పుడు కూడా ఇంత గర్వపడలేదు.

ఆషాఢ శుద్ధ సప్తమి

డాబా చాలడం లేదు.

ముందు పక్కింటి మస్తాన్‌బీ వచ్చింది. ఉబ్బసం మనిషి. పట్నంలో ఉన్న కూతురికి మొన్ననే మనవరాలు పుట్టింది, ఇంతవరకూ మొహం చూడలేదు. "ఆ బిందె మంత్రమేదో నాకూ చెప్పు టీచరమ్మా," అంది. ఆవిడ వెనకాలే మెరకలో ఎర్రదీపం వచ్చిన ప్రతివాళ్ళూ బయల్దేరారు.

మగవాళ్ళకి బిందె పని చెయ్యలేదు. వలలల్లే ఏసుపాదం గారు దారి చూపించారు. ఆయన చిన్నప్పుడు కావిడి మోశారట. భుజం మీద బద్ద ఉందనుకుని, రెండు పక్కలా కుండలు ఊగుతున్నాయనుకుని, ఆ ఊపుకి అడుగు కలుపుతూ నడిచారు. మోకాళ్ళ నొప్పి ఎక్కడికి పోయిందో! ఇప్పుడు రోజూ పొద్దున్న మా డాబా మీద ఆడవాళ్ళు లేని బిందెలతో, మగవాళ్ళు లేని కావిళ్ళతో బారులు తీరి నడుస్తుంటారు. చేపల షెడ్లలో పనికి పోయే కుర్రకారు ఆగి మరీ నవ్వుతున్నారు. నవ్వనీ.

ఏసుపాదం గారి భార్య కరుణమ్మ గారు పట్నంలో మతిమరుపు రోగుల ఆశ్రమంలో ఉన్నారు. ఆయనకి మార్గశిరంలో ఎరుపు వచ్చింది, గడువు తీరాక నడిస్తే మళ్ళీ ఎరుపే వచ్చింది. ఈసారి పచ్చ వచ్చినరోజు ఆయన నా దగ్గరకొచ్చి రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయారు.

భాద్రపద శుద్ధ తదియ

స్టేషన్ తెర మీద మా పేరుతో అభినందన వచ్చింది. గవ్వల మెరకలో పెద్దల ఆరోగ్యం ఎన్నడూ లేనంత మెరుగైందట. ఎర్రదీపం వచ్చినవాళ్ళు ఒక్కరు కూడా లేరట. అందుకని మంచం ఉయ్యాలని మా తీగ మీంచి తీసి, అవసరం ఎక్కువగా ఉన్న చింతల మెరక తీగకి మారుస్తున్నారట.

"పీడా పోయింది!" అన్నారెవరో. అందరూ చప్పట్లు కొట్టారు. మస్తాన్‌బీ సేమ్యా పాయసం చేసి పంచిపెట్టింది. నేనూ రెండు గ్లాసులు తాగాను. చింతల మెరక వాళ్ళకి కూడా నడక నేర్పడానికి వెళ్ళాలని అక్కడికక్కడే అందరం తీర్మానించాం.

ఆశ్వయుజ శుద్ధ నవమి

వదినకి ఎరుపు వచ్చింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. వారం నుంచి ఆవిడ పాదాల్లో నీరు దిగింది. చెప్పులు పట్టడం లేదు. పొద్దున్న లేవగానే, "బిందె బరువుగా ఉందే ఇవాళ," అంది. అందుకు నేను నవ్వాను కూడా. పలక మీద నాలుగో అడుగు దగ్గర మోకాలు మడతపడింది. పడకుండా పట్టుకున్నాను. పలక మీద మనిషిని మనిషి పట్టుకున్నా ఎరుపే. తలుపు మూసుకుంది, ఉయ్యాల వెళ్ళిపోయింది.

వెంటనే మంచం ఉయ్యాలకి అర్జీ పెట్టబోయాను. తెర మీద ఆ బొత్తామే లేదు. తీసేశారు.

మళ్ళీ నడవాలంటే మూడు నెలలాగాలి. డయాలసిస్ ఇవాళే జరగాలి.

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి

నిన్న షెడ్డు కుర్రాళ్ళు నలుగురు వచ్చారు. "ఇంత దానికి ఏడుపెందుకండీ, ఎత్తుకుని ఎక్కించేస్తాం," అన్నారు. అందరికన్నా బలమైనవాడు వదినని వీపున వేసుకుని గుమ్మం దగ్గరకి వెళ్ళాడు. ఒక జత పాదాల మీద ఇద్దరి బరువు పడిందని తలుపు తెరుచుకోలేదు. కుర్చీలో మోసుకెళ్ళారు, తెరుచుకోలేదు. చేపల పెట్టెలు పోయే ఉయ్యాలలో కూర్చోబెడదామన్నారు. అందులో ఊపిరున్న శాల్తీ కనబడితే తీగంతా ఆగిపోతుంది. ఆగింది కూడా. పట్నం నుంచి హెచ్చరిక వచ్చింది, కుర్రాళ్ళ పని పోతుందన్నారు. వదినే దిగిపోయి, "వద్దు నాయనా, మీరు పన్లోకి పోండి," అంది.

ఇవాళ ఆసుపత్రి రవాణా విభాగానికి మాట కలిసింది. యంత్రం కాదు, మనిషే. వకుళ అని పేరు చెప్పింది. మర్యాదగా మాట్లాడింది, అందుకు ఇంకా బాధ.

"మీ తీగ మీద ఇప్పుడు మంచం ఉయ్యాల లేదు మేడమ్. మళ్ళీ పెట్టాలంటే మీ మెరకలో పదిమందికి ఎరుపు ఉండాలి. మీకు ఒక్కరే ఉన్నారు."

"ఒక్కరు కాదమ్మా! అందరూ అంతే. నేనే నేర్పాను. ఆడవాళ్ళు బిందెలు మోస్తున్నట్టు నడుస్తున్నారు, మగవాళ్ళు కావిళ్ళు మోస్తున్నట్టు నడుస్తున్నారు. వాళ్ళు ఉయ్యాల దిగాక ఇంటికి గోడలు పట్టుకుని పోతారు. నా మాట నమ్ము తల్లీ."

వకుళ గొంతు తగ్గించింది.

"నేను నమ్ముతున్నానండీ. మా అమ్మమ్మా అలాగే... నేను నమ్మితే సరిపోదు. పలకలో పడాలి. పది పడిన మర్నాడో ఆ మర్నాడో ఉయ్యాల మీ తీగ మీదికి వస్తుంది. అంతవరకూ నీళ్ళు బాగా తగ్గించండి, అరటిపండు పెట్టకండి."

వదిన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మాట్లాడితే మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. మస్తాన్‌బీ కొబ్బరినీళ్ళు తెచ్చింది పాపం, దాహంగా ఉంటుందని. అవి తాగితే ప్రాణం మీదికొస్తుందని చెప్పి గ్లాసు లాక్కున్నాను. వదిన ఆ గ్లాసు వైపే చూస్తూ ఉంది.

ఈ పాపం నాదే. నేనే ఆ ఉయ్యాలని మా తీగ మీంచి తోలేశాను. పాయసం తాగి మరీ తోలేశాను.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

ఇంటింటికీ తిరిగాను.

ఏమని అడగాలి? మీరు మీలాగే నడవండి, ఎరుపు తెచ్చుకోండి, మూడు నెలలు ఇక్కడే పడి ఉండండి అని అడగాలి. నాలుగు నెలలక్రితం వాళ్ళని ఈ బురద దాటించినదాన్నే, ఇప్పుడు మళ్ళీ బురద ఇవతలే ఉండమని బతిమాలుతున్నాను. కొందరు ఇంకా మాట పూర్తి కాకుండానే సరేనన్నారు. కొందరు తల గోక్కున్నారు. ఒకావిడ వాకిట్లో ఉండి కూడా లేనని చెప్పించింది.

మస్తాన్‌బీ నా మాట విని చేతిలో పని పక్కన పెట్టింది. మనవరాలు ఇప్పుడిప్పుడే ఈవిడని గుర్తుపట్టి చేతులు చాస్తోందట. "మూడు నెలలకి పిల్ల నన్ను మర్చిపోతుంది టీచరమ్మా," అంది. ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "పొద్దున్న ఎన్నింటికి రమ్మంటావు?" అంది.

ఏసుపాదం గారు రానన్నారు.

వల మీంచి తలెత్తకుండానే చెప్పారు. "కరుణమ్మ నా సేత్తో పెడితేనే మింగుద్దండి. ఇంకెవరు పెట్టినా ఉమ్మేసుద్ది. ఆదివారం నేను పెట్టిన రెండు ముద్దలతోనే వారమంతా బతుకుద్దండి. మిగతా రోజులు గొట్టంతో పోత్తారు. నాకు ఎరుపొత్తే ఆ రెండు ముద్దలూ ఉండవు."

"నేను నేర్పితే కదండీ మీరు వెళ్తున్నది?"

"ఆయ్. సచ్చేదాకా మర్సిపోను."

"మరి మా వదిన ప్రాణం కన్నా మీ రెండు ముద్దలెక్కువా?"

అనేశాను. నోరు జారి కాదు, గుచ్చుకోవాలనే అన్నాను. ఆయన చేతిలో వల ఆగింది.

"రెండూ పేణాలేనండి," అన్నారు. నేను వాకిట్లో నిలబడే ఆయన్ని నానా మాటలూ అని వచ్చాను. ఇంటికొచ్చేసరికి వదినకి అంతా వినబడినట్టుంది. రెండిళ్ళ అవతలే కదా. "ఆయన్నెందుకే అంటావు? ఆదివారం పూట ఆయనతో మాటలు చెప్పుకుంటూ వెళ్తుంటే నాకెంత బావుండేదో," అంది. ఆ నాలుగు మాటలకే మూడుసార్లు ఆగింది.

ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి

పొద్దున్నే స్టేషన్‌కి వచ్చినవాళ్ళని లెక్కపెట్టుకున్నాను. ఇంట్లో ఉన్న వదిన ఎరుపుతో కలిపితే తొమ్మిదిమంది. నేను పదోదాన్ని. నాకు ఆసుపత్రి అవసరం లేదు, మోకాలు కాస్త సలుపుతుందంతే. నటించైనా ఎరుపు తెచ్చుకోవచ్చనుకున్నాను.

నటన కుదరదని మొదటి మనిషికే తెలిసిపోయింది. వెనక వీధి పంతులుగారు ఉత్సాహం కొద్దీ కుంటుతూ నడిచారు. 'దయచేసి మామూలుగా నడవండి' అంది పలకమ్మ. ఇంకాస్త కుంటారు. మళ్ళీ అదే మాట. మూడోసారి విసుగొచ్చి మామూలుగా నడిస్తే పచ్చ వెలిగింది.

మస్తాన్‌బీకి కూడా పచ్చే వచ్చింది. ఆవిడ నటించలేదు, ఊరికే నడిచింది. రెండోసారీ పచ్చే. ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది.

"బిందె దించెయ్యి మస్తాన్‌బీ!"

"ఎక్కడ దించనూ? చంకకి అతుక్కుపోయింది టీచరమ్మా! రాదు!"

నిజమే. నేను చూస్తూనే ఉన్నాను. ఒక చెయ్యి ఒంటికి బిగిసి, నడుం ఒరిగి, చూపు ఎదురుగా పెట్టి నడుస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టు చేసే విద్యార్థులు నాకు బడిలో ఎప్పుడూ దొరకలేదు, ఇక్కడ దొరికారు.

"పొద్దున్న మంచం దిగి బాత్రూముకి ఎలా వెళ్తావు? అలా నడు."

ఆవిడ చుట్టూ చూసింది. "ఇంతమంది ముందా? అలా నడిస్తే అందరూ చూస్తారు."

అప్పుడర్థమైంది నాకు. పలకమ్మ దగ్గర కాదు వీళ్ళకి సిగ్గు, మా దగ్గర మాకే. ఇన్నాళ్ళూ ఒకళ్ళనొకళ్ళం చూసుకునే కదా నిటారుగా నిలబడ్డాం. గొంతెత్తి డ్రిల్లులో లాగా అరిచాను. "అందరూ అటు తిరగండి! బురద వైపు! ఎవరూ వెనక్కి చూడకూడదు!"

తిరిగారు. తెల్లచీరలు, చిల్లులు పడ్డ బనియన్లు, బట్టతలలు వరసగా అటు తిరిగి నిలబడ్డాయి. మా వెనక మస్తాన్‌బీ ఒక్కతీ నడిచింది. ముందు చెప్పుల చప్పుడు మామూలుగా వినబడింది. తర్వాత ఒక పాదం ఈడుస్తున్న చప్పుడు, గోడ మీద అరచెయ్యి పడ్డ చప్పుడు, ఉబ్బసపు పిల్లికూత. ఎరుపు వచ్చినప్పుడు మోగే మోత మోగింది. ఎవరూ వెనక్కి చూడలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే వెళ్ళారు. పంతులుగారు కూడా ఈసారి ఏమీ అనకుండా నడిచి, మోత మోగాక వచ్చి నా పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నారు.

చివర నా వంతు. అందరూ అటే తిరిగి ఉన్నారు. నేను వదిలెయ్యాల్సింది బిందె కాదు, నేనెప్పుడూ బిందె మోయలేదు. నా నడుముకి ముప్ఫై ఏళ్ళ డ్రిల్లు కట్టి ఉంది. అది విప్పేశాను. భుజాలు దిగిపోయాయి. ఒక్కసారిగా పలక ఎంత పొడుగ్గా ఉందో తెలిసింది. కుడికాలు నా మాట వినలేదు. ఎక్కడ అడుగు పడుతుందో నాకే తెలియలేదు. భయమేసి గోడ కోసం చెయ్యి చాపాను, గోడ అందలేదు. కూర్చుండిపోయాను.

మోత మోగింది. దాంతోపాటు ఇంకెవరికీ చెప్పనిదొకటి నాకు చెప్పింది పలకమ్మ. 'తోడు లేకుండా మీరు ఇల్లు దాటకండి' అంది. మొన్న మడతపడ్డ వదినకి కూడా ఆ మాట చెప్పలేదు.

పది పడ్డాయి.

ఆశ్వయుజ పౌర్ణమి

మంచం ఉయ్యాల వచ్చింది. ఇంతకాలం తిట్టుకున్న ఆ తెల్ల డబ్బా తీగ మీద కనబడగానే దండం పెట్టాను.

వదినకి పొద్దున్నించి మగతగా ఉంది. పిలిస్తే కళ్ళు తెరుస్తుంది, మళ్ళీ మూస్తుంది. మిగతా తొమ్మిదిమందిమీ కలిసి నవారు మంచం మీద స్టేషన్‌కి చేర్చడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను, పదడుగులకొకసారి దించాం. నర్సు దిగి నాడి చూసింది. చూస్తూనే కంగారుగా, "తోడెవరొస్తున్నారు?" అంది.

"నేనే," అంటూ కాలు ముందుకేశాను.

ఆ అమ్మాయి చేతిలో తెర చూసుకుంది. "మీకు ఎరుపుందండీ."

"నాకు జబ్బేం లేదమ్మా. నేను ఈవిడ ఆడపడుచుని. ఈవిడకి మందులేవో, ఏది పడదో నాకే తెలుసు."

"తోడుకి పచ్చ ఉండాలండీ. మధ్యలో ఈవిడకి ఏదైనా అయితే పట్టుకోవాలి కదా. ఇలా మగతగా ఉన్నవాళ్ళని తోడు లేకుండా తీసుకెళ్ళడానికి లేదు."

వెనక్కి తిరిగి చూశాను. ఎనిమిదిమందీ ఎరుపులే! నేనే చేయించాను. కుర్రకారంతా తెల్లవారుజామునే మొదటి ఉయ్యాలకి పట్నం పనుల్లోకి పోయారు, షెడ్డు వాళ్ళు బురద గట్ల మీద వలల దగ్గర ఉన్నారు, కేకేసినా వినబడనంత దూరం. రానని చెప్పిన వాళ్ళ ఇళ్ళ తలుపులు వేసి ఉన్నాయి. నర్సు గడియారం చూసుకుంటోంది. నేను ఆ అమ్మాయి కాళ్ళ మీద పడబోయాను. పడితే లేవలేనని తెలిసీ పడబోయాను.

అప్పుడు ఏసుపాదం గారు వచ్చారు. ఉతికిన చొక్కా వేసుకున్నారు. నా వైపు చూడలేదు. నేరుగా పలక మీదకి వెళ్ళి, భుజం మీద లేని బద్ద సర్దుకుని, లేని కుండలు ఊగుతున్నట్టు నడిచారు. పచ్చ వెలిగింది.

"నేనొత్తానమ్మా తోడు," అన్నారు నర్సుతో.

వదిన చెయ్యి ఆయన చేతిలో పెట్టాను. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. "మందుల సంచీ ఇలాగివ్వండి టీచరుగారూ," అన్నారాయన. సంచీ ఇచ్చాను. తలుపు వేసేశారు.

కార్తీక బహుళ పంచమి

వదిన బతికింది. రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

గుండె చుట్టూ నీరు చేరిందట. ఇంకొక్కరోజు ఆగి ఉంటే దక్కేది కాదన్నారట. చాలా నీరసంగా ఉందని వార్డులోనే ఉంచేశారు, కాళ్ళలో బలం వచ్చాక మంచం ఉయ్యాలలో పంపిస్తామంటున్నారు. ఏసుపాదం గారు ఆదివారం కరుణమ్మ గారికి అన్నం పెట్టి, అట్నుంచి వదినని చూసి వస్తారు. సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "బానే ఉన్నారండి, ఇవాళ కూర్చున్నారండి," అని చెప్పి వెళ్ళిపోతారు. లోపలికి రమ్మంటే రారు. రెండుసార్లు క్షమించమని అడిగాను. "అయ్యో, అదేంటండి," అంటారు, అంతే.

నేను వెళ్ళలేను. రోగిగా అయితే వెళ్ళొచ్చు. వకుళని అడిగాను, నన్ను కూడా పరీక్షకి పిలవమని. నా వంతు మాఘంలో వస్తుందట.

మంచం ఉయ్యాల మాత్రం ప్రతి గురువారం వస్తోంది. పంతులుగారు కంటికి చూపించుకున్నారు. మస్తాన్‌బీకి ఉబ్బసానికి కొత్త మందిచ్చారు. ఆవిడ నిన్న డాబా మీదికి వచ్చి నా పక్కన కూర్చుంది.

"పుష్యంలో మళ్ళీ నడవొచ్చు కదా టీచరమ్మా. ఇప్పట్నుంచే మొదలెడదామా? పిల్ల బోర్లా పడుతోందంట."

నేను ఒప్పుకోలేదు. కోప్పడ్డాను కూడా. సరిగ్గా పదిమందిమి ఉన్నాం, ఒక్కరు తగ్గినా ఉయ్యాల పోతుంది, మా వదిన అక్కడే చిక్కుకుపోతుంది, మళ్ళీ ఎవరి ప్రాణం మీదికో వస్తుంది, బుద్ధుండక్కర్లేదా అని అరిచాను. ఆవిడ తల ఊపింది. "నిజమేలే," అని గోడ పట్టుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం వదినతో మాట కలిసింది. గొంతు తేటగా ఉంది.

"ఎప్పుడొస్తావే ప్రసూనా? ఇక్కడ ఒక్కరికీ జడ వెయ్యడం రాదు. తల చిక్కులు పడిపోయింది."

"వస్తాను."

"అదే, ఎప్పుడు?"

"వస్తానన్నానుగా వదినా."

ఆ తర్వాత లేచి వీధి తలుపు గడియ పెట్టాను. కిటికీలు వేశాను. మంచం దగ్గర నుంచి వంటింటి గోడ దాకా, భుజాలు వెనక్కి, చూపు ఎదురుగా. పది రోజులుగా ఇదే పని. ఇవాళ గోడ పట్టుకోకుండా రెండుసార్లు వెళ్ళొచ్చాను. నాకు పచ్చ వస్తే మిగిలేది తొమ్మిదిమంది. ఆ సంగతి మస్తాన్‌బీకి నిన్న చెప్పింది నేనే. అయినా నడుస్తున్నాను.